కంటికి కనబడని గాయము

యుద్ధరంగము నుండి కాలో చేయో కోల్పోయి వచ్చిన సైనికుని చూచినప్పుడు ఊరివారికి ఎవరును ఏమియు చెప్పనక్కరలేదు. చంకక్రింది కర్రయే అతని కథ చెప్పును. పెద్దలు లేచి చోటిత్తురు, పిల్లలు దారి తొలగుదురు. కాని కాళ్ళు చేతులు చక్కగా నుండి, ముఖమున మచ్చయైన లేక ఇల్లు చేరిన సైనికుడు ఇంకొకడు ఉండును. తల్లి దిష్టి తీసి లోపలికి పిలుచుకొనును. దేవుని దయ వలన బిడ్డ క్షేమముగా వచ్చినాడని ఇల్లంతయు సంతోషించును.

నెల తిరుగక మునుపే ఇంటివారికి ఏదో తేడాగా తోచును. అంగడికి పంపినచో నాలుగు వస్తువులలో మూడు మరచి వచ్చును. పదిమంది కూర్చుండి మాటలాడుచుండగా నడుమ లేచి చీకటి గదిలోనికి పోవును. పళ్ళెము జారిపడిన చప్పుడునకు ఉలికిపడును. ఒకప్పుడు నోటిలెక్కలు వేసినవాడు కాగితము మీద కూడ కూడికలు చేయలేక విసుగుకొనును. "మనిషి మారిపోయినాడు" అని కొందరు, "ఒళ్ళు వంగుట లేదు" అని కొందరు అందురు. అతనికి తలకు ఎప్పుడో దెబ్బ తగిలినదనియు, ఆ గాయము ఇంకను లోపల ఉన్నదనియు ఎవరికిని తోచదు.

ఏ దేశమునందైనను జరుగు కథ ఇది. దీనిని గురించి మేము చెప్పదలచినది ఒక్క మాట. మెదడునకు తగిలిన గాయమును శస్త్రవైద్యుడు మాన్పినంత మాత్రమున చికిత్స పూర్తి కాదు. పోయిన శక్తిని వేరొక దారిన తిరిగి సంపాదించుకొనుట నేర్పవలెను. ఆ నేర్పు వైద్యశాలలో ఆరంభమై ఇంటిలో కొనసాగును. అందుచేత ఇంటివారు దీనిని తెలిసికొనుట రోగికి ఔషధముతో సమానము.

మొదట గాయము ఎట్టిదో చూతము. మన మెదడు సుమారు 1300 నుండి 1400 గ్రాముల బరువు గల మెత్తని పదార్థము. దాని చుట్టును మూడు పొరలు, ఆ పొరల నడుమ నీటివంటి ద్రవము, వెలుపల గట్టి పుర్రె ఉన్నవి. నీరు నింపిన కుండలో జున్నుముక్క వేసి, ఆ కుండను ఒక్క ఊపున కదిపి ఆపినట్లు ఊహించుకొనుడు. కుండ పగులదు. కాని జున్నుముక్క ముందరి గోడకును వెనుకటి గోడకును కొట్టుకొని చిట్లును. వాహనము బోల్తాపడినప్పుడు, ఎత్తు నుండి పడినప్పుడు మెదడునకు జరుగునది ఇట్టిదే. పైన నెత్తురు చుక్క లేకున్నను, లోపల మెదడులోని ఒక భాగమును మరియొక భాగముతో కలుపు సన్నని నాడీతంతువులు సాగి తెగిపోవచ్చును.

తుపాకిగుండో, పేలిన గుండు పెంకో పుర్రెను చీల్చుకొని లోపలికి పోవుట రెండవ విధము. మందుపాతర పేలినప్పుడు ఏ వస్తువును తాకకుండగనే గాలి ఒత్తిడి తరంగము తలగుండ సాగిపోవుట మూడవ విధము. ఏ విధముగా తగిలినను, దెబ్బ తిన్న మెదడు వాచును. కాలు వాచినచో చర్మము సాగి చోటిచ్చును. పుర్రె సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి, దెబ్బ తగులని భాగములు కూడ నలిగిపోవును. అందుచేతనే కొన్ని వేళల శస్త్రవైద్యులు పుర్రెలో కొంత ముక్కను తీసి, వాపు తగ్గిన పిమ్మట మరల మూయుదురు.

స్పృహ తప్పినది అరగంటకు లోపలయితే దానిని స్వల్పగాయమనియు, ఒక దినము దాటినచో తీవ్రగాయమనియు, నడిమిది మధ్యమమనియు స్థూలముగా విభజింతురు. 1974లో గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు కన్ను తెరచుట, మాటలాడుట, అవయవములు కదల్చుట అను మూడింటిని చూచి 3 నుండి 15 వరకు అంకెలు వేయు పద్ధతిని ఏర్పరచినారు. నేడు అనేక దేశముల ఆసుపత్రులలో తలదెబ్బ తగిలినవారిని ఆ అంకెలతోనే లెక్కింతురు. స్వల్పగాయము గలవారిలో ఎక్కువమంది కొద్ది వారములలో కోలుకొందురు. కాని కొందరికి తలనొప్పి, నిద్రలేమి, మరపు నెలల తరబడి ఉండును. వారికి స్కానింగు తీసినను బొమ్మలో ఏమియు కనబడకపోవచ్చును. యంత్రమునకు కనబడని దానిని పైవారు నమ్మరు. అక్కడ మొదలగును అసలు కష్టము.

ఈ నమ్మకపోవుట ఎంత దూరము పోవునో మొదటి ప్రపంచయుద్ధము చూపినది. ఫిరంగిగుండ్ల వాన క్రింద కందకములలో ఉన్న సైనికులు కొందరు పైకి గాయము లేకుండగనే చూపు, జ్ఞాపకము కోల్పోయి, వణకుచు వైద్యశాలలకు రాసాగినారు. 1915లో చార్లెస్ మయర్స్ అను బ్రిటిషు వైద్యుడు ఈ స్థితిని వర్ణించుచు "షెల్ షాక్" అను మాటను వైద్యపత్రికలో వాడినాడు. అది మెదడు అదురుట వలన వచ్చినదా, మనస్సు బెదరుట వలన వచ్చినదా అని వైద్యులు వాదించుకొనుచుండగా, సైన్యాధికారులలో పలువురు దానిని పిరికితనముగానే ఎంచినారు.

హారీ ఫార్ అను బ్రిటిషు సైనికుడు 1915లో ఈ వ్యాధితో అయిదు నెలలు వైద్యశాలలో ఉన్నాడు. కలము పట్టలేనంతగా చేయి వణకుటచే భార్యకు ఉత్తరములను నర్సు వ్రాసిపెట్టవలసి వచ్చినది. అతనిని మరల యుద్ధమునకు పంపినారు. 1916 సెప్టెంబరులో తాను ఇక ముందునకు పోలేనని అతడు చెప్పినప్పుడు, పిరికితన నేరము మోపి విచారణ జరిపి, అక్టోబరు 18న కాల్చి చంపినారు. ఆ యుద్ధకాలమున పిరికితనము, పారిపోవుట మొదలగు నేరములకు ఇట్లు మరణించిన 306 మంది సైనికులకు బ్రిటిషు పార్లమెంటు 2006లో క్షమాపణ ప్రసాదించినది. వారందరును రోగులని చెప్పలేము, కాని కొందరు రోగులనుటలో సందేహము లేదు. తొంబది సంవత్సరములు ఆలస్యముగా వచ్చిన ఆ మాటను వినుటకు ఫార్ కుమార్తె బ్రదికియే ఉన్నది.

అదే కాలమున మరికొందరు వైద్యులు గాయపడిన సైనికుని అనుమానించుటకు మారుగా అతని వద్ద నేర్చుకొనసాగినారు. 1904-05 నాటి రష్యా జపాను యుద్ధము తరువాత తత్సుజి ఇనోయె అను జపాను నేత్రవైద్యునికి, తలలో గుండు దూసిపోయిన సైనికులు ఎంత చూపు కోల్పోయినారో పరీక్షించి పింఛను నిర్ణయమునకు తోడ్పడు పని అప్పగింపబడినది. అతడు గుండు ప్రవేశించిన చోటును, వెలువడిన చోటును కొలిచి, మెదడు వెనుకభాగమున ఏ చోట దెబ్బ తగిలినచో చూపులో ఏ మూల చీకటి యగునో పటము గీచినాడు. పింఛను లెక్క కొరకు చేసిన పని శాస్త్రమునకు పునాది అయినది.

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు నగరమున కుర్ట్ గోల్డ్‌స్టైన్ అను వైద్యుడు మెదడు గాయపడిన సైనికులకై ప్రత్యేక సంస్థను నడపినాడు. అచటనే చికిత్స, అచటనే బోధన, అచటనే పనిపాటలలో శిక్షణ. అతడు గమనించిన ఒక విషయము ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది. తనకు శక్యము కాని పని ఎదురైనప్పుడు రోగి ఒక్కసారిగా కలవరపడి, కోపించి, ఏడ్చి, అంతకు ముందు చేయగలిగిన పనిని కూడ చేయలేకపోవును. శక్యమైన పని ఇచ్చినచో ఆ మనిషే శాంతముగా నుండును. రోగి కోపము దుర్గుణము కాదు, కాళ్ళక్రింది నేల జారిపోయినవాని కేక.

రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు సంచార శస్త్రవైద్య బృందములు, పెన్సిలిన్ వచ్చినవి. పూర్వము రణరంగముననే మరణింపవలసినవారు బ్రదికి బయటపడసాగినారు. బ్రదికిన తరువాత ఎట్లు అను ప్రశ్న అప్పుడు పెద్దదైనది. దానికి సమాధానము వెదకినవారిలో ముఖ్యుడు సోవియట్ మనశ్శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ లూరియా. యురల్ పర్వతప్రాంతమున ఏర్పడిన పునరావాస వైద్యశాలలో అతడు వందల సైనికులకు చికిత్స చేసినాడు. వారిలో జసెత్స్కీ అనునతని వృత్తాంతము నేటికిని వైద్యవిద్యార్థులు చదువుదురు.

జసెత్స్కీ చదువుకొన్న యువకుడు, సైన్యములో చేరకమునుపు సాంకేతిక విద్యార్థి. 1943 మార్చిలో వ్యాజ్మా పట్టణ ప్రాంతమున జరిగిన పోరులో ఒక గుండు అతని తల ఎడమభాగమున దూరినది. ప్రాణము దక్కినది. కాని అతనికి వస్తువుల కుడిభాగము కనబడదు, చదువు పోయినది, మాటలు దొరకవు. తన చేయి ఎక్కడున్నదో, గదికి ద్వారము ఏ వైపున్నదో తెలియదు. అయినను తాను ఏమి కోల్పోయినాడో అతనికి పూర్తిగా తెలియును. ముందుచూపు, సంకల్పము, ఆశ చెక్కుచెదరలేదు. గాయము కొంత తీసికొని, మిగిలినదానిని బాధపడుటకు వదలినది.

వైద్యశాలలో అతనికి చిన్నపిల్లలవలె అక్షరములు దిద్దించినారు. ఒక్కొక్క అక్షరమునకు ఆకారము జ్ఞాపకము తెచ్చుకొనవలెను. తెచ్చుకొనులోపల మునుపటి అక్షరము మరపునకు వచ్చును. ఒకనాడు వైద్యుడు, అక్షరములను గురించి ఆలోచింపవద్దనియు, కలము ఎత్తకుండ పదమంతయు ఒక్క ఊపున వ్రాయుమనియు చెప్పినాడు. అతడు వ్రాసినాడు! కన్ను మరచిన అక్షరములను చేయి మరువలేదు. చిన్ననాటి నుండి అలవాటుగా సాగిన చేతి కదలిక మెదడులో వేరొకచోట భద్రముగా ఉండినది. తాను వ్రాసినదానిని తానే చదువుకొనలేకపోయినను, అతడు మానలేదు. తల్లి ఇంట కూర్చుండి, ఒక్కొక్క వాక్యమునకు మాటలు వెదకుకొనుచు, ఒక్కొక్కనాడు అరపుటయైనను నిండకున్నను, సుమారు ఇరువదియైదు సంవత్సరములలో మూడువేల పుటల తన కథ వ్రాసినాడు. లూరియా ఆ పుటలను తన వ్యాఖ్యతో కలిపి 1971లో గ్రంథముగా ప్రకటించినాడు.

ఈ కథలోనే పునరావాస చికిత్సకు మూలసూత్రమున్నది. కాలువకు ఒకచోట గండిపడి పూడ్చుటకు వీలుకానప్పుడు రైతు చేను ఎండనీయడు. పైనుండి వేరొక బోదె త్రవ్వి అదే నీటిని అదే చేనికి చేర్చును. చచ్చిన నాడీకణములు చాలవరకు తిరిగి పుట్టవు. కాని మిగిలిన కణములు క్రొత్త సంబంధములు ఏర్పరచుకొని, పోయినపనిని వేరొక దారిన చేయుట నేర్చుకొనగలవు. బోదె ఒక్కనాటిలో త్రవ్వబడదు. ప్రతిదినము అదే పనిని చేయుట వలననే త్రోవ పడును.

కాలము ఎంత పొడవైనదో వియత్నాం యుద్ధము చూపినది. అమెరికాలో విలియం కేవ్‌నెస్ అను వైద్యుడు 1967 నుండి 1970 వరకు తలకు గాయములైన సైనికుల వివరములను నమోదు చేయించినాడు. దాదాపు పదునైదేండ్ల తరువాత వారిని పరీక్షించినప్పుడు, పుర్రె చీలినవారిలో సగముకంటె ఎక్కువమందికి మూర్ఛలు వచ్చినట్లు తేలినది. కొందరికి గాయమైన చాల సంవత్సరములకు గాని మొదటి మూర్ఛ రాలేదు. ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన దినముతో గాయము కథ ముగియదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఇరాకు, ఆఫ్గనిస్తాన్ యుద్ధములలో మందుపాతరల పేలుళ్ళు ఈ సమస్యను మరల పైకి తెచ్చినవి. 2000 సంవత్సరము నుండి అమెరికా సైన్యమున నాలుగు లక్షలకు పైగా సిబ్బందికి మెదడు గాయము నిర్ధారింపబడినది. వానిలో అధికభాగము స్వల్పగాయములే. అంతేకాదు, ఎక్కువభాగము పోరులో గాక శిక్షణలోను, ఆటలలోను, వాహన ప్రమాదములలోను తగిలినవి. 2016లో డేనియల్ పెర్ల్ అను వైద్యుడు, అతని సహచరులు పేలుళ్ళకు గురియై తరువాత మరణించిన సైనికుల మెదళ్ళను పరిశీలించి, ఇతర ప్రమాదములలో కానరాని ఒకవిధమైన సూక్ష్మమైన మచ్చలను కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధమున పైకి గాయము కానరాక వణకుచు వచ్చినవారిలో కొందరి మెదళ్ళలో నిజముగనే గాయము ఉండియుండవచ్చునని అనుకొనుటకు ఇది ఆధారము.

అమెరికాలో మాజీ సైనికుల శాఖ రిచ్‌మండ్, టాంపా, మిన్నియాపోలిస్, పాలో ఆల్టో, శాన్ ఆంటోనియో నగరములలో ఇట్టివారికై ప్రత్యేక కేంద్రములు నెలకొల్పినది. అందు ఒక వైద్యుడు గాక ఒక బృందము పనిచేయును. ఒకరు నడకను, సమతూకమును చూతురు. ఒకరు స్నానము, వంట, బట్టలు కట్టుకొనుట వంటి నిత్యకృత్యములను అభ్యసింపజేయుదురు. ఒకరు మాటను, మ్రింగుటను చక్కదిద్దుదురు. మనశ్శాస్త్రజ్ఞుడు ఏ శక్తి పోయినదో, ఏది మిగిలినదో పరీక్షించి చెప్పును. వేరొకరు కుటుంబముతో మాటలాడి, ఉద్యోగము, పింఛను మొదలగు విషయములకు దారి చూపుదురు. మరపు గలవానికి మరపు పోవునని మాట ఇయ్యరు. జేబులో చిన్న పుస్తకము పెట్టుకొని ప్రతిదానిని వ్రాసికొనుట, మందువేళకు ఫోనులో గంట పెట్టుకొనుట, తాళపుచెవిని ఒకే చోట తగిలించుట నేర్పుదురు. ఇవి చిన్నవిగా తోచును. కాని వీనితోనే మనుష్యుడు ఇతరులపై ఆధారపడకుండ దినము గడపగలుగును.

చికిత్సలో పెద్దభాగము ఇల్లాలిపైన, తల్లిపైన పడుచున్నదని అమెరికా ప్రభుత్వము గుర్తించి, 2010లో చేసిన చట్టము ద్వారా ఇటీవలి యుద్ధములలో తీవ్రముగా గాయపడినవారిని ఇంట కనిపెట్టుకొని యుండువారికి నెలసరి భృతి, శిక్షణ, విశ్రాంతికి వసతి కల్పించినది. 2018లో చట్టమును మార్చి, పూర్వయుద్ధముల వారికిని దీనిని విస్తరింపజేసినారు. ఇంటివారి శ్రమ కేవలము ప్రేమ కాదు, చికిత్స యను మాటను ఒక ప్రభుత్వము ఒప్పుకొన్నట్లయినది.

మన దేశమున మాజీ సైనికులకు 2003 నుండి ఇ.సి.హెచ్.ఎస్. అను ఆరోగ్యపథకము కలదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున ఆ వివరములు చెప్పుదురు. తలకు దెబ్బ తగిలిన సంగతి ఎంత పాతదైనను వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇంటిలో చేయదగినవి కొన్ని ఉన్నవి. ఒకసారి ఒక్క మాటయే చెప్పుడు. రేడియో మ్రోగుచుండగా, నలుగురు మాటలాడుచుండగా ముఖ్యమైన సంగతి చెప్పకుడు. వస్తువులను ఉన్నచోటనే ఉంచుడు. నిద్రకు, భోజనమునకు వేళ తప్పనీయకుడు. అలసట కనబడినప్పుడు పని ఆపించుడు. నెమ్మదిగానైనను అతడు చేసికొనగల పనిని జాలితో మీరు చేసిపెట్టకుడు. మద్యము గాయపడిన మెదడునకు విషము వంటిది. రెండవ దెబ్బ మొదటిదానికంటె ప్రమాదకరము.

మూర్ఛ వచ్చినచో చేతిలో తాళములు పెట్టుట, నోటిలో చెంచా దూర్చుట మన ఇండ్లలో అలవాటు. అవి పనికిరావు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, తలక్రింద మెత్తని బట్ట ఉంచి, బిగువు బట్టలు వదలు చేసిన చాలును. అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బ్రదుకు మీద విరక్తి మాటలు వినబడినచో ఊరక పోనీయక వెంటనే వైద్యునికి తెలుపవలెను. కనిపెట్టుకొని యుండువారికి కూడ వారమునకు ఒక పూటయైన విశ్రాంతి కావలెను. ఆమె కూలినచో ఇల్లు కూలును.

ఇది సైనికుల విషయమే కదా, మనకేల అనువారికి ఒక్క ఉదాహరణము. 1935లో "అరేబియా లారెన్సు"గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి ఆరు దినములకు మరణించినాడు. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణము అతనిని ఆలోచింపజేసినది. రెండవ యుద్ధము వచ్చి, సైన్యములో మోటారు సైకిళ్ళపై వార్తలు మోయువారు తలపగిలి మరణించుచుండగా, హెల్మెట్ ధరించినవారికి గాయము తక్కువని 1941లో అతడు లెక్కలతో చూపినాడు. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యము వారికి హెల్మెట్ తప్పనిసరి చేసినది. నేడు మన రహదారులపై మోటారు సైకిలు నెక్కు ప్రతి బిడ్డకును ఆ పాఠమే రక్ష. దెబ్బ తగిలినవానికి కావలసిన చికిత్సయు అదే, ఇంటివారి ఓపికయు అదే.

హారీ ఫార్ చేతిలో కలము నిలువలేదు. అతని మాటను అధికారులు నమ్మలేదు. జసెత్స్కీ చేతికి, చదువలేని స్థితిలోనే, ఒక వైద్యుడు కలము ఇచ్చి వ్రాయుమన్నాడు. ఇద్దరును యుద్ధమున దెబ్బ తిన్నవారే. ఒకనికి ఎదురైనది అనుమానము, రెండవవానికి ఎదురైనది ఓపిక. మన ఇంటిలో, మన వీధిలో "మారిపోయిన" మనిషి కనబడినప్పుడు, అతనిని నిందించుటకు మునుపు, "నీకు తలకు ఎప్పుడైన దెబ్బ తగిలినదా?" అని ఒక్కమాట అడిగి చూడుడు.